రాజయ్య చావు దెబ్బ

మా మెటల్ బ్యాండ్ ఎవరిని విని నేర్చుకుందో వాళ్ల పాటలనే మా తీరులో వాయించి, కవర్లుగా రికార్డు చేస్తున్నాం, కరీంనగర్‌లో మా డాబా మీది గదిలో. విదేశీ బ్యాండ్లవి అయిపోయాయి. చివరిది మా డ్రమ్మర్ సలీం కోరిక: మా వాడలో శవయాత్రల ముందు డప్పు కొట్టే రాజయ్య చావు దెబ్బ. చిన్నప్పుడు సలీం ఆ డప్పు వెంటే తిరిగాడు. రాజయ్య పోయిన ఎండాకాలం చనిపోయాడు.

ఈ రోజు ఉక్కపోతకు కిటికీ తెరిచి మొదలుపెట్టాం. కాసేపటికే ఎదురింటి అవ్వ నెత్తిన కొంగు కప్పుకొని మెట్లెక్కి వచ్చింది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా? బువ్వ దించి, పొయ్యి బంద్ జేసి అచ్చిన," అంది. వాడలో శవం లేచేదాకా ఆమె పొయ్యి వెలిగించదు.

"ఎవ్వలు పోలే అవ్వా. రాజయ్య తాత దెబ్బ రికార్డు చేస్తున్నం," అన్నాడు సలీం.

ఆమె డ్రమ్ముల వంక చూసింది. "రాజయ్య పోయిననాడు డీజే వెట్టిండ్రు. గీ దెబ్బ ఎవ్వలు కొట్టలే. కొట్టుండ్రి, నేను చెవులార ఇంట," అని గడపలో కూర్చుంది.

సలీం మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. మాకు గిటార్లు ముట్టుకోబుద్ధి కాలేదు. అయిపోయాక ఆమె లేచి మెట్లు దిగిపోయింది. కాసేపటికి వాళ్లింటి నీళ్ల గోలెం దగ్గర నెత్తిన నీళ్లు పోసుకుంటున్న చప్పుడు కిటికీలోంచి వినిపించింది. ఆ తర్వాతే ఆమె పొయ్యి వెలిగించింది.

గదిలోంచి బయటికొచ్చిన మేం ఇంకా మెట్ల మీదే కూర్చున్నాం. ఇంట్లోకి పోయేముందు మేమూ నీళ్లు పోసుకోవాలా, మీరే చెప్పండి.