సోమందేపల్లె హోటల్లో టెంకాయ

సీఏ అయిన కొత్తలో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆడిటింగు అందరూ చేస్తారు, నేను వ్యాపారాలకు విలువ కట్టేవాణ్ణి కావాలని ఆ పరీక్ష కూడా రాసి, రిజిస్టర్డ్ వాల్యూయర్ అనిపించుకున్నాను. సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించి బ్యాగులో పెట్టుకుని తిరిగేవాణ్ణి (ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి). అనంతపురంలో అద్దె ఆఫీసు తీసుకుని నెలల తరబడి ఫోను వంక చూసినా, మొదటి రిపోర్టు మీద సంతకం పెట్టే యోగం మాత్రం పట్టలేదు.

చివరికి సోమందేపల్లె నుంచి పిలుపొచ్చింది. హైవే పక్కన అన్నదమ్ముల హోటలు. అన్న పొయ్యి దగ్గర, తమ్ముడు గల్లాపెట్టె దగ్గర. ఇద్దరికీ పడక విడిపోదామనుకున్నారు. నేను విలువ కడితే ఒకరు హోటలు ఉంచుకుని రెండోవారికి వాటా ఇచ్చేయాలి. విడిపోతే హోటలు మూతపడుతుందని వాళ్లమ్మ గోడవారన దిగులుగా కూర్చుంది. ఆమె దిగులు నాకెందుకు, నా సంతకం గొడవ నాది.

బల్లలు, గ్రైండరు చూశాక, అసలు విలువ కంటికి కనపడదనీ, దాన్ని గుడ్‌విల్ అంటారనీ, అది తేల్చడానికే నాకు సర్టిఫికెట్ ఇచ్చారనీ గొప్పగా వివరించాను. పెద్దామె లేచి వెళ్లి ఒక టెంకాయ తెచ్చి నా అరచేతిలో అడ్డంగా పెట్టింది. మా వైపు బోరు వేసే ముందు నీళ్లు చూసేవాళ్లు అలాగే టెంకాయ పట్టుకుని చేనంతా నడుస్తారు. నీళ్లున్న చోట అది నిలువుగా లేస్తుందని నమ్మకం.

"కంటికి కనపడనిది చెప్పేవానివి కదప్పా. చెప్పులిడిసి నడుచు, యాడుండాదో చూద్దాం," అంది.

కాదంటే మొదటి బేరం పోతుందని భయపడి నడిచాను (సిలబస్‌లో పద్ధతులు చాలా ఉన్నాయి, ఇది మాత్రం లేదు). లారీ డ్రైవర్లు తినడం ఆపి చూస్తున్నారు. ఆత్రానికి నా చెయ్యి వణుకుతూనే ఉంది. సరిగ్గా పొయ్యికీ గల్లాపెట్టెకూ నడుమకు వచ్చేసరికి టెంకాయ లేచి నిలబడింది.

పెద్దామె కొడుకుల వైపు తిరిగింది. "మీ ఇద్దరి నడుమ ఉండాది రా. మీరు ఇడిపోతే ఇంగ అది యాడుంటాది?"

అన్న పొయ్యి దగ్గరికి, తమ్ముడు గల్లాపెట్టె దగ్గరికి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. నాకు ఫీజు కింద ఉగ్గాని బజ్జీ, కొట్టిన టెంకాయలో ఒక చిప్ప ముట్టాయి. సంతకం లేని రిపోర్టుతో బస్సెక్కి దారి పొడవునా ఉడికిపోయాను.

ఆ హోటలు ఇప్పటికీ నడుస్తోంది. నేను వెళితే టెంకాయ సారొచ్చినాడని లోపలికి కేకేస్తారు. ఇప్పుడు నా దగ్గర సంతకాలకు కొదవ లేదు. నేను విలువ కట్టాక విడిపోయినవాళ్లకూ కొదవ లేదు. ఒక్కోసారి పెన్ను తీసేసరికి, చెప్పుల్లేకుండా టెంకాయ పట్టుకుని వణుకుతూ నడిచిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఇద్దరిని కలిపి ఉంచింది వాడొక్కడే.