వీడియోలో చారలు

మా అత్తమ్మ కళ్ల గురించి ఇంట్లో గొడవ జరుగుతున్న రోజులవి. ఆమెది జవళగిరి పక్కన పల్లె. కొట్టంలో పశువులకు గడ్డి వేస్తూ, ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్న గుంజకు కుడి భుజం గుద్దుకుంది. సంగతి తెలిసి మా ఆయన ఆమెను హోసూరులో మా ఇంటికి తీసుకొచ్చాడు. కంటి డాక్టరుకు చూపిద్దామంటే ససేమిరా అంది. సోమవారం పొద్దున బస్సుకు వెళ్లిపోతానని సంచి సర్దుకుని కూర్చుంది. ఒకసారి ఊరు చేరిందంటే ఆమెను మళ్లీ కదిలించడం మా తరం కాదు.

"నా కండ్లకేమొచ్చిందమ్మా? కావాలంటే చూడు" అని ఆదివారం పొద్దున మల్లెమొగ్గలు ముందు పోసుకుంది. అరటినార కాలి బొటనవేలికి తగిలించి, మొగ్గల వంక చూడకుండానే, నాతో మాట్లాడుతూ చకచకా కట్టేస్తోంది. చూడకుండా కడితే చూపు బాగున్నట్టెలాగో ఆమెకే తెలియాలి! నాకు ఒళ్లు మండింది. కానీ ఆ వేళ్ల వడి చూస్తే ముచ్చటేసింది. ఫోను తెచ్చి స్టాండుకు బిగించాను.

నాకు వీడియోల పిచ్చి. వారమంతా ఫ్యాక్టరీ ఆఫీసులో స్క్రీను చూసింది చాలక ఆదివారం ఇంకో స్క్రీనా అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. ఫోను దానంతటది తీస్తే, తెల్లటి పూలు ముందుకు వచ్చినప్పుడల్లా బొమ్మ మసకబారుతోంది, చెయ్యి వెనక్కి పోగానే వెలిగిపోతోంది. అందుకని మాన్యువల్‌లో పెట్టి, షట్టర్ అరవై దగ్గర, అంటే సెకనులో అరవయ్యో వంతు దగ్గర, నిలిపాను. నేను చూసి నేర్చుకున్న వీడియోల్లో అందరూ అంతే పెట్టమన్నారు.

తీసింది చూద్దును కదా, అత్తమ్మ ముఖం మీదుగా నల్లటి చారలు పైనుంచి కిందికి జారుతున్నాయి! ఆమెకూ చూపించాను. తలెత్తి ట్యూబ్‌లైటు చూశాను. నిక్షేపంగా వెలుగుతోంది. మా వంటింటికి కిటికీ చిన్నది, పగలు కూడా లైటు వేయాల్సిందే. కంటికి కనపడని చారలు ఫోనుకు ఎలా కనపడుతున్నాయి? ఇక నాకు పొయ్యి మీద అన్నం సంగతి కూడా గుర్తులేదు. స్టాండు జరిపాను. లెన్సు తుడిచాను. లైటు ఆపి, మళ్లీ వేశాను.

చివరికి వెతికితే తెలిసింది. మన కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుందట. దాంతోపాటు లైటు కూడా అంతకు రెట్టింపుసార్లు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, మన కన్ను పట్టుకోలేదు. ఆ వీడియోలు చేసినవాళ్ల దేశంలో కరెంటు అరవై. వాళ్ల లెక్క తెచ్చి మా వంటింట్లో పెడితే కుదురుతుందా! షట్టర్ యాభైకి మార్చాను. చారలు మాయం. ఎంత సంబరపడ్డానంటే, గట్టిగా కేకేసి మా ఆయన్ని కూడా పిలిచాను.

"చూడత్తా, ఇందాకటి చారలన్నీ యాడ పోయినాయో!" అని ఫోను ఆమె ముందు పెట్టాను.

అత్తమ్మ తల కాస్త పక్కకు తిప్పి చూసింది. "జారేటివి పోయినాయమ్మా. ఈ పక్క నల్లగా ఉండేది పోలేదు గదా" అంది.

"యా పక్క?"

"ఈ కుడి పక్క. కదలకుండా ఉండాదే, అది."

నేను ఫోను అటూ ఇటూ తిప్పి చూశాను. ఏమీ లేదు. మా ఆయన చూశాడు. ఏమీ లేదు. అప్పుడు కూడా నా బుర్ర షట్టర్ దగ్గరే తిరుగుతోంది, ఇంకేదో అంకె మార్చాలేమోనని. ఉన్నట్టుండి, అది ఫోనులో ఉన్నది కాదేమో అనిపించింది. ఫోను వెనక్కి తీసుకుని, "ఇప్పుడు గోడ చూడత్తా" అన్నాను.

చూసింది. "ఆడ గూడా ఉంది" అంది.

ఎడమ కన్ను మూయమన్నాను. అలాగే ఉందంది. కుడి కన్ను మూయమన్నాను. లేదంది. అన్నాక తను చెప్పిందేమిటో తనకే అర్థమై, చప్పున మొగ్గల మీదికి వంగిపోయింది. ఇక మా ఆయన ఆమెను అడగలేదు, బతిమాలలేదు. కిందికి వెళ్లి ఆటో పిలుచుకొచ్చాడు.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చుక్కలు వేసి, చాలాసేపు లోపలికి చూసింది. కంటి వెనకాల పొర ఊడిపోతోందని, నడిమధ్యకు ఇంకా రాలేదని, వెంటనే ఆపరేషన్ చేస్తే చూపు దక్కుతుందని చెప్పింది. దక్కింది కూడా. చదివేవాళ్లు కంగారు పడకూడదని ముందే చెప్పేస్తున్నాను. మాది తమిళనాడు కదా, డాక్టరమ్మ తమిళంలో ఇంకేదో అడిగితే అత్తమ్మ నావైపు తిరిగింది. ఆమెకు తమిళం బాగానే వచ్చు. అయినా నేను తెలుగులో మళ్లీ అడిగాను.

"కంట్లో మెరుపులు మెరిసినట్టు ఏమైనా కనపడిందా అంటా ఉండారత్తా."

"మెరిసేది" అంది. "మా ఊర్లో కరెంటు ఎప్పుడూ మినుకుమినుకుమంటానే ఉంటుంది గదా. అదే అనుకున్నా. లైన్‌మ్యాన్‌ను గూడా తిట్టినాను."

నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మకు తమిళంలో చెప్పబోతుంటే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒకరోజు ఊరంతా కరెంటు పోయింది. కండ్లు మూసుకొని పండుకోనుండాను. అప్పుడు గూడా మెరిసింది."

"మరి అప్పుడైనా చెప్పొద్దా అత్తా?"

"చెప్తే నిజమైపోతుంది గదమ్మా" అంది. నా చెయ్యి మాత్రం వదలలేదు. "ఆపరేషను చెయ్యమను. నువ్వు యాడికీ పోవద్దు, ఈడనే ఉండు."