డబ్బాల అర్ర

లీలాబాయి ఇంట్లో ఏ వస్తువూ ఒక్క జన్మతో పోయేది కాదు. 1969లో ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గరి ఆ ఊరికి కోడలిగా వచ్చిన నాటినుంచీ ఆమెది అదే తీరు. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. బొంతలు పీలికలయ్యాక పశువుల కొట్టంలో తుడుపు గుడ్డలయ్యేవి. కిరోసిన్ డబ్బాకు అడ్డంగా కట్టె కొట్టిస్తే బావిలో చేదుకునే బకెట్టు. ఎరువుల సంచులు విప్పి కలిపి కుడితే జొన్నలు ఆరబోసే పట్టా. పత్తి ఏరాక మిగిలిన కట్టె ఏడాది పొడవునా పొయ్యిలోకి.

“మా ఇంట్ల చెత్తకుప్పకు పని లేదు,” అని భర్త బాపురావు వచ్చినవాళ్ళతో నవ్వుతూ చెప్పేవాడు.

అలాగని ఆమె పిసినారి కాదు. కడిగి, కుట్టి, బాగుచేసినదంతా ఎవరో ఒకరి చేతిలో పెట్టేదాకా ఆమెకు తోచేది కాదు. ఊళ్ళో కూలినాలి చేసుకునే ఇళ్ళలో లీలాబాయి ఇచ్చిన వస్తువు ఒకటైనా లేని ఇల్లు ఉండేది కాదు.

బాపురావుకు నలభై ఎకరాల నల్లరేగడి. మొదట్లో అందులో జొన్న, కంది, పెసర, ఓ పక్కన కొంచెం నాటు పత్తి వేసేవాళ్ళు. ఎనభైల్లో హైబ్రిడ్ పత్తి వచ్చింది. రెండు మూడేళ్ళలో జొన్న చేను ఒక మూలకు జరిగింది. పత్తితోపాటు పురుగుల మందూ వచ్చింది. తొలి ఏడు రెండుసార్లు కొడితే సరిపోయింది. ఐదారేళ్ళు గడిచేసరికి పదిసార్లు కొట్టినా పురుగు ఆకు మీదే తిరిగేది.

మందు వచ్చిన డబ్బాలు మాత్రం లీలాబాయికి తెగ నచ్చాయి. తెల్లటి మందపాటి ప్లాస్టిక్, బిగించే మూత, పట్టుకోవడానికి పిడి. ఐదు లీటర్లు పడతాయి. కిందపడ్డా పగలవు.

“గింత గట్టి డబ్బా బజార్ల కొందమన్నా దొరకది,” అనేది.

బూడిదతో ఒకసారి, చింతపండుతో ఒకసారి, కాగిన నీళ్ళతో ఒకసారి కడిగేది. రెండు రోజులు ఎండబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన లేదనిపించాకే ఇచ్చేది. అలా అయిదారేళ్ళలో ఇరవై మూడిళ్ళకు డబ్బాలు చేరాయి. కొందరు నూనె పోసుకున్నారు, కొందరు పప్పు. చేలకు వెళ్ళేవాళ్ళు నీళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు.

ఆ డబ్బాల్లో అన్నిటికన్నా ఆఖరున ఇచ్చినది శంకరవ్వకు. శంకరవ్వ నేతపనివాళ్ళ ఇంట పుట్టిన మనిషి. మిల్లు చీరలు అంగట్లోకి దిగాక ఆమె భర్త సాంబయ్య మగ్గం ఆగిపోయింది. అప్పటినుంచి ఇద్దరూ బాపురావు చేలో పత్తి ఏరడానికి వస్తున్నారు.

1988 నవంబరులో ఒకరోజు, పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు, శంకరవ్వ డబ్బా ఎత్తి గటగటా నీళ్ళు తాగింది. కొంచెంసేపటికి సాలు మధ్యలో కూలబడింది. వాంతులు పట్టుకున్నాయి, నోట్లోంచి నురగ వచ్చింది. ఒళ్ళంతా చెమట. పత్తి తూకానికి వచ్చిన జీపులో ఆమెను బోథ్ దవాఖానకు, అక్కడినుంచి ఆదిలాబాద్‌కు తీసుకెళ్ళారు. లీలాబాయి వెనక సీట్లో కూర్చుని ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరు కనురెప్పలు తెరిచి చూసి, “ఏం మందు తాగింది?” అని అడిగాడు.

“మందు ఎందుకు తాగుతది సార్! నీళ్ళే తాగింది,” అన్నాడు సాంబయ్య.

“దేంట్లో?”

సాంబయ్య లీలాబాయి వైపు చూశాడు.

తొమ్మిదో రోజుకు శంకరవ్వ లేచి కూర్చుంది. బతికింది.

లీలాబాయి ఇంటికి రాగానే, ఇవ్వడానికని కడిగి ఉంచిన డబ్బా ఒకటి తీసింది. “అంత మంచిగ కడుగుతవ్. నీ తప్పేముంది?” అన్నాడు బాపురావు. ఆమె డబ్బాను తలకిందులు చేసి అటూ ఇటూ ఊపి, అరుగు మీద ఒరగబెట్టింది. చాలాసేపటికి మూతి దగ్గర చిక్కటి పచ్చటి చుక్క ఒకటి జారింది. డబ్బా పిడి లోపల బోలుగా ఉంది. బూడిద అక్కడిదాకా పోదు, చెయ్యి పోదు. కడిగినన్నిసార్లూ మందు ఆ పిడిలోనే నిలిచింది.

మర్నాటినుంచి ఆమె ఇల్లిల్లూ తిరిగింది. డబ్బా తీసుకుని, బదులుగా తన ఇంటి స్టీలు గిన్నో, ఇత్తడి చెంబో ఇచ్చింది. అందరూ సులువుగా ఇవ్వలేదు.

“ఏడాది సంది గిందులనే నూనె పోస్తున్న బాయీ, మాకేం గాలే. ఇచ్చినోళ్ళే మళ్ళ గుంజుకుంటరా?” అంది కమలవ్వ.

“గుంజుకుంటలేనే. జర నా మాట ఇను. గా పిడి చూడు,” అంటూ వాకిట్లోనే తన చేతిలోని ఖాళీ డబ్బా వంచి, పిడిలోంచి జారిన పచ్చటి చుక్కను చూపించింది. కమలవ్వ అది చూసి, నూనెతో సహా డబ్బాను ఆమె చేతిలో పెట్టింది.

ఇరవై మూడూ వచ్చాయి. వాటిని ఎడ్లబండిలో వేయించి, బోథ్‌లో మందులమ్మే అంబదాస్ దుకాణం ముందు దింపించింది. వదినను ఆ పక్కల వహిని అంటారు. అంబదాస్‌కు బాపురావు దోస్తు కాబట్టి అతనూ అలాగే పిలిచాడు.

“కంపెనీ మందు అమ్ముతది వహినీ, డబ్బా వాపస్ తీసుకోది.”

“మరి నేనేం జెయ్యాలె?”

“పడెయ్యుండ్రి.”

“యాడ పడెయ్యాలె?”

అంబదాస్ రోడ్డు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. “యాడనో ఒక తాన,” అన్నాడు.

ఇరవై ఏళ్ళ కాపురంలో లీలాబాయికి ఒక వస్తువును ఎక్కడ పడెయ్యాలన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. కొట్టం వెనక ఒక డబ్బాను కాల్పించింది. నల్లటి పొగకు మేకలు దగ్గాయి, ఆమె కళ్ళు రెండు రోజులు మండాయి. జీతగాడు బుచ్చిరాములు చేను గట్టున పూడుద్దామన్నాడు. ఆ గట్టు కిందనే తాగే నీళ్ళ బావి. పాత సామాను కొనేవాడు ఎగిరి గంతేసి తూకమేయబోయాడు. ఏం చేస్తావని అడిగితే, “కడిగి అంగట్ల అమ్ముత,” అన్నాడు. అంటే మళ్ళీ ఇంకో శంకరవ్వ. బండిని వెనక్కి తిప్పించింది.

ఇంటికి దక్షిణం వైపు జొన్నలు పోసే అర్ర ఉంది. జొన్న తగ్గినప్పటినుంచి సగం ఖాళీగానే ఉంటోంది. మిగిలిన జొన్నలు వంటింట్లోకి మార్పించి, డబ్బాలను అందులో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత మందు డబ్బా ఖాళీ అయితే చాలు, గడ్డపారతో రెండు పక్కలా పొడిచి, పిడి విరగ్గొట్టాకే అర్రలోకి పంపేది. మరెవరూ దాన్ని వాడే వీలు లేకుండా.

శంకరవ్వ రెండు నెలలకు మళ్ళీ పనికి వచ్చింది. ఏరుతుంటే వేళ్ళు వణికేవి.

“నా చేత్తోనే ఇచ్చిన,” అంది లీలాబాయి.

“నువ్వు మంచికే ఇచ్చినవ్ బాయీ. నేను మంచిదనే తీస్కున్న. ఇగ నాకు పాతదేదీ ఇయ్యకు,” అంది.

ఆ మాట లీలాబాయి మనసులోకి లోతుగా దిగింది. ఆ తర్వాత ఆమె కుట్టిన బొంతను కూడా శంకరవ్వ తీసుకోలేదు. పనికి మాత్రం వస్తూనే ఉంది.

అర్ర నిండుతూ వచ్చింది. “డబ్బాలు రావద్దంటే మందు రావద్దు. సగం చేన్ల జొన్న, కంది పెడదం,” అని ప్రతి వానాకాలం ముందూ భర్తతో అనేది.

“పత్తి లేకుంటే ఇల్లెట్ల నడుస్తది?”

“పత్తి రాకముందు నడవలేదా?”

మూడేళ్ళు బాపురావు వినలేదు. నాలుగో ఏట పన్నెండుసార్లు మందు కొట్టినా కాయను పురుగు తొలిచేసింది. అప్పుడు విన్నాడు. పత్తి సగమైంది, రాబడీ తగ్గింది. కొందామనుకున్న మోటార్‌సైకిల్ కొనలేదు. మిగిలిన సగానికి మందు కొడుతూనే ఉన్నారు. ఏడాదికి అర్రలోకి చేరే డబ్బాలు పన్నెండు నుంచి ఐదుకు తగ్గాయి, అంతే. ఊళ్ళో పదిమంది రైతులు ఆమెను చూసి డబ్బాలు పొడిచి పారేయడం మొదలుపెట్టారు. పారేయడం మాత్రం వాగులోకే.

1995లో కొడుకులు చొక్కారావు, వెంకటేశ్వర్‌రావు వేరుపడ్డారు. పెద్దమనుషులు వాకిట్లో కూర్చుని ఇల్లూ పొలమూ పంచారు. దక్షిణం అర్ర దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ వద్దన్నారు.

“కూలగొడ్తె జాగ కలిసొస్తది,” అన్నాడు చొక్కారావు.

“లోపటియి యాడ పెడ్తవ్?” అని అడిగింది లీలాబాయి.

చొక్కారావు అర్ర తలుపు వైపు చూశాడు. అలాంటి చోటు కోసం ఏడేళ్ళుగా ఆమే వెతుకుతోంది.

“అర్ర నా పేరున రాయుండ్రి,” అంది.

కాగితం రాస్తున్న పెద్దమనిషి తలెత్తి, లోపల ఏముందో కూడా రాయాలా అని అడిగాడు.

“రాయుండ్రి. నేను పోయినంక తలుపు తీసెటోళ్ళకు తెల్వాలె గదా.”

అతను కలం కాగితం మీద ఆనించి, డబ్బాలు ఎన్నో చెప్పమన్నాడు. లీలాబాయి తాళంచెవి తీసుకుని లెక్కపెట్టడానికి లేచింది.