అందని స్విచ్చి

ఆ రోజుల్లో నా దృష్టిలో ఇల్లంటే కిటికీయే. గోడలూ కప్పూ తరవాతి సంగతి. కొత్తపేట దగ్గర బడిలో పంతులుగా చేరి అద్దె ఇంటి కోసం తిరుగుతుంటే, ఏటిగట్టు దిగి గోదారి వైపున ఒక పెంకుటిల్లు దొరికింది. ముందుగది కిటికీ తెరిస్తే అరటితోట, దాని వెనక గోదారి, అవతలి ఒడ్డున మంచులో తేలుతున్న కొబ్బరిచెట్లు. అంతే, ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ముసలివాణ్ణి కూడా అయిపోయాను (ఊహలోనే లెండి). గదిలో స్విచ్చిబోర్డు మాత్రం ఎక్కడో పైన ఉంది. ఇంటాయన మంచి పొడగరి కాబోలనుకున్నాను. ఇంతలో నా భుజం దాటని పెద్దాయన ఒకరు ముక్కాలిపీట తెచ్చి, దాని మీదెక్కి లైటు వేశారు. "ఆయ్, ఇల్లు మాదేనండీ" అన్నారు. అప్పటికీ నాకు అనుమానం రాలేదు.

మర్నాడు మా ఆవిణ్ణి తీసుకెళ్ళాను. తనకి నెలలు నిండుతున్నాయి. అల్లవరం పిల్ల, నీళ్ళ సంగతి తెలిసినది. కిటికీ వైపు చూడనే లేదు. స్విచ్చిబోర్డు చూసింది, దూలానికి ఆనుకున్న దేవుడి పటాలు చూసింది, అటక మీద మడతమంచం చూసింది.

"బాబాయిగారూ, నీళ్ళు ఎందాకా వస్తాయండీ?"

"ఏటేటా రావమ్మా. వచ్చినప్పుడు ఇదిగో, ఇందాకా" అని ఆయన తన నడుం దగ్గర చెయ్యి పెట్టి, నా ఎత్తు చూసి, "మేస్టారికైతే ఇంకాస్త కిందకేనండీ" అన్నారు మర్యాదగా.

"నిన్న చెప్పలేదేమండీ?" అన్నాను.

"మీరు అడగలేదు కదండీ. గోదారి చూస్తూ అలా ఉండిపోయేరు. కదిపితే బాగోదని ఊరుకున్నానండీ."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "పుట్టబోయేదాన్ని ఏ దూలానికి తగిలిద్దామండీ?"

నాకు ఏడుపొచ్చినంత పనయింది. గట్టుకి ఇవతల, కిటికీ తెరిస్తే పక్కింటి దొడ్డిగోడ కనిపించే ఇంట్లో చేరాం. ఆ వానాకాలమే గోదారి పొంగింది. పెద్దాయనా వాళ్ళావిడా మా ఇంటికే వచ్చేశారు, ముక్కాలిపీటతో సహా. మా పాప మొదటిసారి నవ్వింది ఆయన పీటెక్కడం చూసే (అలవాటు మరి, మా స్విచ్చి చేతికి అందుతున్నా ఎక్కేవారు).

ఇప్పుడు అమలాపురంలో మెరక చూసి మరీ సొంతిల్లు కట్టుకున్నాం. ముందుగదిలో ఒక్క స్విచ్చి మాత్రం బాగా పైన పెట్టించాను. కరెంటు పనివాడు వింతగా చూశాడు. మా ఆవిడ నవ్వి ఊరుకుంది. రోజూ సాయంత్రం మునివేళ్ళ మీద లేచి ఆ లైటు వేస్తాను. వేసిన క్షణంలో కిటికీ అవతల అరటితోట, గోదారి, మంచులో కొబ్బరిచెట్లు. తరవాత ఎదురింటి గోడ.

"పీట తెమ్మంటారా?" అంటుంది మా ఆవిడ వంటింట్లోంచి.

ఈ మధ్య తెమ్మనే అంటున్నాను.