ముందు మంచి కాలు

ఆ ఆసుపత్రి థియేటర్‌లో ముఖ్యమైన మనిషెవరని అడిగితే అందరూ డాక్టర్ల వైపే చూపిస్తారు. అది మర్యాద కోసం చేసే పని. నిజానికి కాలుబాబాయ్ రానిదే అక్కడ మోకాలి ఆపరేషన్ మొదలవదు. పాతికేళ్ళుగా ఆయన ఉద్యోగం ఒక్కటే, మత్తులో ఉన్న మనిషి కాలు పట్టుకోవడం. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది వినడానికి. మోకాల్లోకి సన్నటి కెమెరా గొట్టం దింపి, తెర మీద చూసుకుంటూ డాక్టరు లోపల పని చేస్తున్నంతసేపూ ఆ కాలు చెప్పినంత వంగి, చెప్పినంత పక్కకి తిరిగి, కదలకుండా ఉండాలి. కాస్త జారినా పరికరం తగలరాని చోట తగులుతుంది. గంటన్నరసేపు అలా నిలబడి చూడండి, ఓస్ అన్న నోటితోనే అమ్మో అంటారు.

మనిషి పొట్టి. చేతులు పొడుగు. నోరు అంతకన్నా పొడుగు. మత్తిచ్చే ముందు ప్రతి పేషెంటుకీ ఒకే పాఠం అప్పజెప్పేవాడు. "మీ కాలు నాకొదిలేసి హాయిగా పడుకోండి. నా మోకాళ్ళు చూశారా? ఇనుప కడ్డీలు! యాభై రెండేళ్ళొచ్చాయి, ఒక్కనాడు కిర్రుమన్న పాపాన పోలేదు."

ఇందులో మొదటి మాట నిజం. తక్కినదంతా పచ్చి అబద్ధం. ఇరవై రెండో ఏట కదులుతున్న బస్సు ఎక్కబోయి పడ్డాడు. ఎడమ మోకాలు మెలిపడి, మూడు నెలలు కుంటుకుంటూ నడిచాడు. ఎవరికీ చూపించలేదు. క్రమంగా తొడ కండలు గట్టిపడి ఆ కాలు దారికొచ్చింది, ఆయనా మర్చిపోయాడు. అసలు ఆ బస్సు వెంట ఎందుకు పరిగెత్తాడంటే, కిటికీ పక్కన కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళే అమ్మాయి ఒకతె కూర్చునేది. తర్వాత ఆ అమ్మాయే ఆయన భార్య అయింది. పెళ్ళయ్యాక ఎప్పుడో మాటల్లో, పనికి ఆలస్యమవుతుందని పరిగెత్తి పడ్డానని చెప్పాడు. "అలాగా" అని ఆవిడ మిషను తొక్కుకుంటూ పోయింది.

ఇక డాక్టరమ్మ. ఎనిమిదేళ్ళ కిందట పని నేర్చుకోవడానికి వచ్చినప్పుడు ఆమెకి మోకాలంటే హడలు. పుస్తకాల్లో అంతా ఉంటుంది కానీ, పుస్తకం మన వేలు పట్టుకుని ఎక్కడ పెట్టాలో చూపించదు కదా. ఆ పని కాలుబాబాయ్ చేశాడు. మోకాలి నడుమ చిటికెన వేలంత లిగమెంటు ఒకటుంటుంది. పిక్క ఎముక ముందుకి జారిపోకుండా అది పట్టి ఉంచుతుంది. కాలు కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడ బిగించి, రెండో చేత్తో పిక్కని ముందుకి లాగితే, బాగున్న మోకాలు కాస్త కదిలి టక్కున ఆగుతుంది. ఆ ఆగడాన్ని వాళ్ళు తట్టు అంటారు. లిగమెంటు తెగితే తట్టు ఉండదు, ఎముక అలా మెత్తగా వచ్చేస్తూనే ఉంటుంది.

"రెండే రెండు సంగతులు గుర్తుపెట్టుకోండమ్మా" అనేవాడు బాబాయ్. "ముందు మంచి కాలు చూడాలి. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా వదులుంటుంది. మంచి కాలే మనకి కొలత. ఇక రెండోది, మీ చెయ్యొక్కటే కాదు, ఇంకో చెయ్యి కూడా ఒప్పుకోవాలి." ఆ ఇంకో చెయ్యి ఎప్పుడూ ఆయనదే. ఇప్పుడామె పెద్ద డాక్టరు. అయినా కోతకి ముందు "బాబాయ్, మీరూ ఒకసారి చూడండి" అనకుండా పని మొదలెట్టదు.

అలాంటి మనిషి కాలు ఎలా పోయిందయ్యా అంటే, నోటివల్ల పోయింది. ఒకనాటి పొద్దున వార్డులో ఒక పేషెంటు దిగులుగా అడిగాడు, అసలీ లిగమెంటు ఎలా తెగుతుంది బాబాయ్ అని. నోటితో చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆయన కాలుబాబాయ్ ఎందుకవుతాడు?

"పాదం నేలకి అతుక్కుపోవాలి. ఒళ్ళు మాత్రం ఇలా తిరగాలి" అంటూ రబ్బరు బూటు నేలకి అదిమి, గిర్రున తిరిగాడు.

టప్‌మంది. పేషెంటుకి కూడా వినబడింది.

"అదేం చప్పుడు బాబాయ్?"

"అదే... సరిగ్గా అలాంటి చప్పుడే వస్తుంది" అన్నాడు కాలుబాబాయ్ నవ్వు మొహంతో. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంత బాగా ఎవరూ చెప్పలేదు బాబాయ్!" అని మురిసిపోయాడు పేషెంటు.

మధ్యాహ్నానికి కుడి మోకాలు గుమ్మడిపిందెలా ఉబ్బింది. మెట్లు దిగుతుంటే పట్టు తప్పి జారింది. ఇంకొకరికైతే వరండాలో నడక చూసే జబ్బు చెప్పేసేవాడు. తన దగ్గరకొచ్చేసరికి చదువంతా ఎటో పోయింది. తెలియనివాడికి ఒకటే భయం, తెలిసినవాడికి వంద. తొడ వెనక తాడులాంటి నరమొకటి తీస్తారు, రెండు ఎముకల్లోనూ డ్రిల్లుతో కన్నం వేస్తారు, ఆ నరాన్ని అందులోంచి లాగి బిగిస్తారు. వెయ్యిసార్లు దగ్గరుండి చూశాడు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. లిగమెంటు లేని మనిషిని థియేటర్‌లో నిలబెట్టరు. తీసుకెళ్ళి చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చోబెడతారు. రేపు మోకాలు కుదురుకోకపోతే ఆ కిటికీయే గతి. కాలు పట్టుకోని కాలుబాబాయ్‌ని ఎవరు లెక్కచేస్తారు?

అంచేత తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పది రోజులు నెట్టుకొచ్చాడు. మెట్లు అడ్డంగా దిగేవాడు. ఎవరైనా ఎదురొస్తే ఆగి, గోడకేసి పరీక్షగా చూసేవాడు. పదకొండో రోజు డాక్టరమ్మ పట్టేసింది.

"గోడలో ఏముంది బాబాయ్?"

"చెదలేమోనని చూస్తున్నానమ్మా."

"సిమెంటు గోడకి చెదలా? పదండి, బల్ల మీద పడుకోండి."

పడుకున్నాడు. ఆయన నేర్పిన ప్రకారమే ఆమె ముందు ఎడమ కాలు పట్టుకుంది. లాగింది. పిక్క మెత్తగా వచ్చింది, తట్టు లేదు. కుడి కాలు పట్టుకుంది. అదీ మెత్తగానే వచ్చింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయే! తట్టు సరిగా తగలట్లేదు. కానీ మంచి కాల్లోనూ తగలట్లేదు. ఎడమదానికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా బాబాయ్?"

నోటిదాకా వచ్చింది నిజం. వెనకాలే డ్రిల్లు, కిటికీ కూడా గుర్తొచ్చాయి.

"ఇనుప కడ్డీలమ్మా" అన్నాడు.

"అయితే మీ ఒళ్ళే వదులేమో. బెణుకే అనుకుందాం. పట్టీ వేసుకోండి, మూడు వారాల్లో తగ్గకపోతే స్కానింగ్ తీద్దాం."

కాలుబాబాయ్ ఇంటికి ఎగురుకుంటూ వచ్చాడని రాయాలని ఉంది కానీ, ఆ కాలితో ఎగరలేడు కదా, కుంటుకుంటూనే వచ్చాడు. ముందుగదిలో భార్య చొక్కా కుడుతోంది. ఆనందం పట్టలేక అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ మిషను ఆపింది.

"ఎడమ కాలు చూసి, దాన్నిబట్టి కుడి కాలు బాగుందందా?"

"అదేగా పద్ధతి!"

"ఎడమది ఎప్పుడో పోయిందిగా, బస్సు దగ్గర. ఆ సంగతి చెప్పారా?"

ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"ఆది చొక్కాయే తప్పయితే, దాని కొలత పెట్టి కుట్టింది ఒంటికెలా పడుతుందండీ?" అని ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది. ఆ రోజు ఇంకో మాట అనలేదు. అని ఉంటేనే బాగుండేదనిపించింది ఆయనకి.

మర్నాడు థియేటర్‌లో ఒక లారీ డ్రైవరు. ఆ కాలొక్కటే ఒక మనిషంత బరువుంది. కోత ఇంకా మొదలవలేదు. మందుతో కాలంతా తుడవడానికి కాలుబాబాయ్ దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. అప్పుడే కుడి మోకాలు సర్రున జారింది. తుంటి బల్లకి ఆనించి నిలదొక్కుకున్నాడు. చేతిలోని కాలు నాలుగు వేళ్ళ మేర కిందికి దిగి ఆగింది. ఎవరూ గమనించలేదు. ఏమీ జరగలేదు కూడా. కానీ ఇదే ఇంకో అరగంట తర్వాత, లోపల డ్రిల్లు తిరుగుతున్నప్పుడు జరిగితే? హాయిగా పడుకోమని పది నిమిషాల కిందటే ఈ మనిషికి చెప్పాడు.

"ఆపండమ్మా" అన్నాడు. "ఈ కాలు ఇంకెవరికైనా ఇవ్వండి. నా కుడి లిగమెంటు తెగింది. నిన్న మీరు ముందు చూసింది మంచి కాలు కాదు. అది ముప్పై ఏళ్ళ కిందటే పోయింది."

డాక్టరమ్మ ఆయన్ని ఒక్క క్షణం చూసి, "మీరు బయట కూర్చోండి బాబాయ్" అంది. పెద్ద నర్సు వచ్చి కాలు అందుకుంది. ఆవిడకీ ఆయనకీ క్షణం పడదు. అయినా ఆ పూట ఆవిడ ఒక్క మాట అనకుండా పట్టుకుంది.

పని ముగిశాక డాక్టరమ్మ వచ్చి పక్కనే బెంచీ మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"తట్టు లేదని నా వేళ్ళు చెబుతూనే ఉన్నాయి బాబాయ్. మీ మాట నమ్మి నా వేళ్ళని నోర్మూసుకోమన్నాను" అంది.

కాలుబాబాయ్‌కి ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు, అంతే.

స్కానింగ్‌లో అంతా బయటపడింది. కుడిది కొత్తగా తెగింది. ఎడమదాని జాడే లేదు. కుడికి ఆపరేషన్ చేద్దామనీ, ఎడమది ఇన్నేళ్ళూ కండబలంతో కాపురం చేసింది కాబట్టి దాని జోలికి వెళ్ళొద్దనీ నిర్ణయమైంది.

ఆపరేషన్ రోజు పెద్ద నర్సు కుడి కాలి మీద బాణం గుర్తు వేయబోతూ దుప్పటి తీసి పకపకా నవ్వింది. ఎడమ మోకాలి మీద పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉంది: ఇది ఆది కాదు. పొద్దున బయల్దేరేముందు భార్య పెన్ను పట్టుకుని రాసిన రాత అది.

నడుముకి మత్తిచ్చారు. కింద ఏమీ తెలియదు కానీ నోరు మాత్రం మామూలుగానే పని చేస్తోంది. "మడమ కాస్త పైకి... అలాక్కాదు, పక్కకి తిప్పి..." అంటూ నడుం దగ్గర అడ్డుగా కట్టిన పరదా ఇవతలనుంచి పురమాయించడం మొదలెట్టాడు.

"కాలుబాబాయ్ గారూ" అంది పెద్ద నర్సు అవతలనుంచి. "మీ కాలు నాకొదిలేసి హాయిగా పడుకోండి."

థియేటరంతా గొల్లుమంది. ఆయనా నవ్వాడు. తర్వాత కెమెరా తెర మీద తన మోకాలి లోపలి భాగం చూశాడు. తెగిన లిగమెంటు పాత తాడు పీచులా వేలాడుతోంది. కళ్ళు మూసుకున్నాడు. డ్రిల్లు చప్పుడు ఆగింది. కొత్త నరం బిగించారు. డాక్టరమ్మ పిక్క పట్టుకుని లాగడం ఆయనకి తెలియదు, అందరూ ఊపిరి బిగబట్టడం మాత్రం తెలిసింది.

"తట్టు తగిలింది బాబాయ్."

"రెండో చెయ్యి?"

"నాకు పట్టుకోవడమే వచ్చు, చూడ్డం రాదు" అంది పెద్ద నర్సు.

అబద్ధం చెప్పినవాడికి వచ్చే చిక్కే ఇది, ఎదుటివాళ్ళ నిజం కూడా నమ్మబుద్ధి కాదు. తన మనసు నొప్పించలేక డాక్టరమ్మ అలా అందేమోనని కాలుబాబాయ్‌కి ఒకటే పీకులాట. ఆరు నెలలు వ్యాయామం చేశాడు, చీటీల కిటికీలో కూర్చున్నాడు. చీటీ అడిగిన ప్రతివాడికీ మోకాలి గురించి ఉపన్యాసం ఇచ్చి వరసని వీధిదాకా పెంచాడు. లోపల మాత్రం ఆ దిగులు అలాగే ఉంది. రెండో చెయ్యేదీ ఇంకా ఒప్పుకోలేదు కదా.

ఆరో నెల చివర పరీక్ష. తట్టు నిలిచి ఉంటే మళ్ళీ థియేటర్, లేకపోతే కిటికీ. డాక్టరమ్మ చూసింది, బాగుందంది. తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయన భార్యని పిలిచింది. "రెండో చెయ్యి మీరు వెయ్యండి పిన్నీ. బట్టలో వదులూ బిగువూ వేళ్ళతో చూసే మనిషి మీరు, మీకు తెలుస్తుంది." చేతులు ఎక్కడ పెట్టాలో చూపించింది.

"ముందు మంచి కాలు" అన్నాడు కాలుబాబాయ్ అలవాటుగా.

"ఇప్పుడు మంచిదేదండీ?" అంటూ ఆవిడ కుడి కాలు పట్టుకుంది. లాగింది. ఇంకోసారి లాగింది. ఆయన ఆవిడ మొహం తప్ప ఇంకేమీ చూడలేదు.

"ఆగింది. టక్కున ఆగిందండీ. కుట్టు గట్టిగానే ఉంది."

ఆరు నెలల ఊపిరి ఒక్కసారి వదిలాడు. ఆవిడ ఎడమ కాలు అందుకుంది. అది మెత్తగా జారుకుంటూ వచ్చేసింది. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

"ఇది మాత్రం ఆగదు. ముప్పై ఏళ్ళుగా నా బస్సు వెనకాలే పరిగెడుతోంది."

"నీకు... తెలుసా?"

"కిటికీ పక్కనేగా కూర్చున్నాను! తర్వాతి స్టాపులో దిగి వెనక్కొచ్చాను కూడా. అప్పటికే కుంటుకుంటూ సందు మలుపు తిరిగిపోయారు."

అంత పొడుగు నోరు ఆ ఒక్కసారే మూతపడింది. అటు చూస్తే డాక్టరమ్మ వాళ్ళకి వీపు పెట్టి గోడకేసి నిలబడి ఉంది.

"గోడలో ఏముందమ్మా?" అన్నాడు.

"చెదలేమోనని చూస్తున్నా బాబాయ్" అంది డాక్టరమ్మ, ఇటు తిరగకుండానే.