దాక్కునే ఓడ, నేను దాచిన కాగితం

ఎల్బీ నగర్‌లో ఒక ఆఫీసు ఉండేది, బోర్డు లేని ఆఫీసు. కింద టైర్ల షాపు, మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు, ఆ పైన మేము. తెలంగాణ కోసం రోడ్లన్నీ ఉడికిపోతున్న రోజుల్లో రెండేళ్లు అక్కడ ఊడ్చాను, తుడిచాను, చాయ్ పెట్టాను, చెత్త కాగితాలు కాల్చాను. అక్కడ గీస్తున్నది యుద్ధ ఓడ అని, శత్రువు కంటికి దొరకకుండా తిరిగే ఓడ అని నాకు ఆఖరి రోజు దాకా తెలియదు. అప్పటిదాకా వాళ్లను భూముల దొంగలు అనుకున్నాను.

అలా అనుకోవడానికి నాకు కారణం ఉంది. మా ఆయన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయి బస్తాలు మోసేవాడు. హయత్‌నగర్ దాటాక వంద గజాల జాగా అని ఒకడు నక్షా చూపించాడు. పెద్ద కాగితం, నీలం గీతలు, నంబర్లు, పార్కుకు ఒక చోటు, గుడికి ఒక చోటు. ఇద్దరం ఆ కాగితం మీద వేలు పెట్టి బోరు ఎక్కడ వేయాలో కూడా చూసుకున్నాం. కాగితం మీద కొలతలు మార్చి అదే జాగా ఇంకో ఇద్దరికి అమ్మాడని తర్వాత తెలిసింది. అమ్మినవాడు ఆంధ్రావాడు కాదు, మా నల్లగొండవాడే. ఆ మాట కూడా చెప్పాలి. మా ఆయన రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఒకరోజు నెత్తిన బస్తాతోనే పడిపోయాడు. మళ్లీ లేవలేదు. పెద్ద కాగితం మీద సన్న గీతలు కనబడితే ఇప్పటికీ అది దొంగ కాగితమనే అనుకుంటాను.

నాకు సంతకం వరకే అక్షరాలు వచ్చు. సరూర్‌నగర్‌లో కిరాయి గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. అది చాలక పొద్దున పూట ఈ ఆఫీసు పని. ఇప్పించినవాడు మా పక్క ఊరివాడు. చుట్టమేమీ కాదు, కానీ నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. నలభై దగ్గరపడినవాడు, కంప్యూటర్ మీద బొమ్మలు గీసే ఉద్యోగం. ఆ ఆఫీసులో మా వైపు మనిషి అతనొక్కడే. మిగతావాళ్లంతా కోస్తావాళ్లు. పెద్దసారు విశాఖపట్నం ఆయన, తెల్ల మీసం, గట్టి గొంతు.

మొదటి రోజు నుంచే నాకు ఆ చోటు నచ్చలేదు. కిటికీలకు నల్ల కాగితం అంటించి ఉండేది. లోపలికి పోయేవాళ్లు ఫోన్లు గుమ్మం దగ్గర ట్రేలో పెట్టాలి. నేను వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ సారు నా సంచి చూసేవాడు.

"సద్ది గిన్నె తప్ప నా సంచిల ఏముంటది సారూ?" అన్నాను ఒకసారి.

"రూలమ్మా. అందరి సంచులూ చూస్తాం."

"మరి నీ సంచి ఎవలు చూస్తరు?"

ఆయన నవ్వాడే గానీ చెప్పలేదు. జవాబు చెప్పకుండా నవ్వేవాణ్ని నేను నమ్మను. జాగా అమ్మినవాడు కూడా ఇలాగే నవ్వేవాడు.

హాల్లో పెద్ద బల్ల మీద గుడ్డ కప్పి ఏదో పెట్టారు. ఒకరోజు ఊడుస్తుంటే గుడ్డ జారింది. అట్టతో కట్టిన పొడుగాటి బొమ్మ. కిందంతా కోసుగా ఉంది, దాని మీద మేడ మీద మేడగా గదులు, మధ్యలో ఒక గోపురం లాంటిది. ఒక్క గోడ కూడా నిటారుగా లేదు. అన్నీ లోపలికి వాలి ఉన్నాయి. కిటికీలు దాదాపు లేవు. నాకు కనబడినంతలో అది అమ్మకానికి పెట్టే బిల్డింగు నమూనా. కొత్తపేట రోడ్డు మీద అపార్ట్‌మెంట్లు అమ్మేవాళ్లు అద్దాల పెట్టెల్లో పెట్టేది అలాంటి బొమ్మలే.

"ఏంది తమ్ముడూ గా బొమ్మ?" అని అడిగాను.

"నీకెందుకక్కా, నువ్వు ఊడ్సి పో."

"అపార్ట్‌మెంటా?"

"గట్లనే అనుకో."

"కిటికీల్లేని అపార్ట్‌మెంట్ల ఎవలుంటరు?"

"మస్తు పైసలున్నోళ్లు," అని తమ్ముడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఇతను కూడా వాళ్లలో కలిసిపోయాడని అనుకున్నాను.

అక్కడ కాగితాలు కాల్చడానికి ఒక పద్ధతి ఉంది. పనికిరాని బొమ్మను చెత్తబుట్టలో వేయకూడదు. ప్రతి కాగితం కింద మూలలో ఒక నంబరు ఉంటుంది. ఆ మూల కత్తిరించి ఒక పుస్తకంలో అతికించాలి. మిగిలింది మిద్దె మీద ఇనప డ్రమ్ములో నేను కాల్చాలి. మూలలు కత్తిరించడం, నేను కాలుస్తుంటే బూడిద అయ్యేదాకా నిలబడటం, పుస్తకంలో సంతకం పెట్టడం తమ్ముడి పని. ఇంత జాగ్రత్తగా కాల్చే కాగితం మంచి కాగితం ఎలా అవుతుంది? దొంగ పత్రాలు కాకపోతే బూడిద దాకా కాపలా ఎందుకు?

ఆఖరి నెలలో లోపల గొడవలు మొదలయ్యాయి. రెండు వారాలుగా బొమ్మ మీద ఒకే గోడను పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. అది సరిగ్గా కూర్చోవడం లేదు. వేలు పట్టేంత సందు మిగులుతోంది. కోస్తా ఇంజనీర్లు తమ్ముడి వైపు అదోలా చూసేవారు. చాయ్ ఇస్తుంటే ఒకాయన అనడం విన్నాను: "కొలత దానంతట అదే మారదు కదండీ. ఎవరో మార్చారు."

కొలత మార్చారు అన్న మాట నాకు కొత్త కాదు. మా ఆయన జాగా కాగితం మీద కూడా కొలతలే మార్చారు. ఇక ఆగలేకపోయాను. ఒక్క కాగితం తీసుకుపోయి, మా గల్లీలో దస్తావేజులు రాసే పెద్దమనిషికి చూపించాలనుకున్నాను. దొంగ పత్రం అయితే ఆయన పట్టేస్తాడు.

ఆ రోజు కింద రోడ్డు మీద వంటావార్పు. జనం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతున్నారు. డప్పులు, పాటలు. మిద్దె మీద డ్రమ్ము రాజేశాను. తమ్ముడు కత్తెరతో మూలలు కత్తిరిస్తున్నాడు. డప్పు దగ్గరికి వచ్చేసరికి కత్తెర పక్కన పెట్టి పిట్టగోడ దగ్గరికి పోయాడు.

"అక్కా, మా బామ్మర్ది ఉన్నడే! అగో, గంటె తిప్పుతుండు. ఇంట్ల చాయ్ గూడ పెట్టుకోడు నా కొడుకు!"

"అయితే ఉప్పెక్కువైతది, సూస్కో," అన్నాను. అంటూనే మూల కత్తిరించని కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకున్నాను. పోయేటప్పుడు సారు సంచి చూశాడు. సద్ది గిన్నె మూత కూడా తీసి చూశాడు.

దస్తావేజుల పెద్దమనిషి ఊరికి పోయాడట. ఆగే ఓపిక లేక మిషను బల్ల మీద నేనే కాగితం పరిచాను. నక్షా అయితే రోడ్లు ఉండాలి, ముక్కలు ముక్కలుగా జాగాలు ఉండాలి. ఇందులో రోడ్డే లేదు. పక్కపక్కన రెండు పెద్ద ఆకారాలు ఉన్నాయి, బల్ల మీద రోజూ పెట్టి తీసే ఆ గోడలాగే. ఒక్కోదానికి ఒక అంచు ఎక్కువ వాలు, రెండో అంచు కొంచెం తక్కువ వాలు. గుడ్డకు పై ముఖం గుర్తు పెట్టినట్టు రెండింటి మీదా సన్నచుక్కలు వేశారు.

చాలాసేపు చూశాను. జాకెట్ చేతులు పరిచినట్టే ఉన్నాయి. చేతికి ముందువైపు చంక దగ్గర లోతు ఎక్కువ, వెనకవైపు తక్కువ. తేడా చాలా చిన్నది, కుట్టనివాళ్లకు కనబడదు. అందుకే మేము గుడ్డ మడిచి, ముఖం ముఖం కలిపి రెండు చేతులూ ఒక్కసారే కత్తిరిస్తాం. అప్పుడు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వస్తుంది. మడవకుండా ఒకదాని తర్వాత ఒకటి కత్తిరిస్తే రెండూ ఒకే చేతికి వస్తాయి. పువ్వుల గుడ్డ అయితే తిరగేసి కుట్టడానికి కూడా కుదరదు, పువ్వులు లోపలికి పోతాయి. కత్తెర పట్టిన కొత్తలో ఒక పెళ్లి జాకెట్ అలాగే పాడుచేశాను. ఈ కాగితంలోనూ అదే తప్పు. ఎక్కువ వాలు రెండింటికీ కుడివైపే ఉంది.

భూమి కాదని తెలిసింది. మరి ఏమిటో తెలియలేదు. అనుమానం పోకపోగా పెరిగింది. కాగితాన్ని మిషను మూత కింద పెట్టాను.

మర్నాడు బంద్. నడిచి ఆఫీసుకు పోయేసరికి సారు చేతిలో ఆ మూలల పుస్తకం ఉంది. తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఒక మూల తక్కువ ఉంది. సంతకం నీది," అంటున్నాడు సారు. "నిన్న కాలుస్తున్నప్పుడు నీ చూపంతా రోడ్డు మీదే ఉందని కింద టైర్ల షాపువాళ్లు చెప్పారు. కాగితం ఎవరికిచ్చావ్?"

"నేనెవలికియ్యలె సార్. ఆంధ్రాయన సంతకముంటే గిట్లనే అడుగుదురా?"

"ఆ మాట అనకు. సాయంత్రంలోగా దొరక్కపోతే నీ ఉద్యోగం ఒక్కటే కాదు, పోలీసులొస్తారు. తర్వాత నా చేతుల్లో ఉండదు."

తమ్ముడు నా వైపు చూడలేదు. నన్ను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. అదే నన్ను కాల్చింది. నాకు పని ఇప్పించిన మనిషి.

"నేను తీసిన సారూ," అన్నాను. "మా ఇంట్లున్నది."

అందరూ తల తిప్పారు. పోయి తెస్తానంటే సారు ఒప్పుకోలేదు. "నేనూ వస్తాను," అని చెప్పులు వేసుకున్నాడు. బస్సులు లేవు, ఆటోలు లేవు. ఎల్బీ నగర్ నుంచి సరూర్‌నగర్ దాకా ఇద్దరం నడిచాం. ఆయన నా వెనకే, నేను ఎక్కడ పారిపోతానో అన్నట్టు. నన్ను పోలీసులకు పట్టించడానికే వస్తున్నాడని నేను.

చౌరస్తా దగ్గర గులాబీ కండువాల గుంపు కుర్చీలు వేసుకుని కూర్చుంది. మా గల్లీ ముసలాయన ఒకడు ఆపాడు.

"ఎవలే బిడ్డా, గీ సారు?"

సారు నోరు తెరిస్తే యాస దొరికిపోతుంది. నేనే అన్నాను: "ఇల్లు కిరాయికి సూస్తుండు పెద్దయ్యా."

"ఏ ఊరాయన?"

"గొంతు కరాబైంది, మాట్లాడొద్దన్నడు డాక్టరు."

"మంచిది. మాట్లాడకపోతే మనోడే," అన్నాడు ముసలాయన. అందరూ నవ్వారు. సారు కూడా తల ఊపి, నోరు మూసుకునే నవ్వాడు.

గదిలో మిషను మూత ఎత్తి కాగితం ఇచ్చాను. సారు నంబరు చూసుకున్నాడు, మడతలు లెక్కపెట్టాడు, వెనక ఏమైనా రాశానేమో చూశాడు. "ఎవరికి చూపించావ్?"

"ఎవలకు లేదు. దొంగ పట్టాలేమోనని తీసిన. మీ గోడ ఎందుకు కూసుంటలేదో గూడ నాకు ఎరికైంది."

ఆయన చేతులు ఆగిపోయాయి.

"రెండు సేతులు ఒకే దిక్కు కోసిండ్రు," అన్నాను.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నాడు, ఇంకా అనుమానంగా.

మిగిలిన పువ్వుల గుడ్డ ముక్క తీసి, మడిచి, రెండు జాకెట్ చేతులు కత్తిరించి చూపించాను. తర్వాత ఇంకో ముక్కను మడవకుండా కత్తిరించాను. ఆ రెండు జతలనూ పక్కపక్కన పెట్టి ఆయన కాగితం ముందు పరిచాను. సారు స్టూలు మీద కూర్చున్నాడు. "మళ్లీ చూపించు," అన్నాడు. మళ్లీ చూపించాను. కాసేపయ్యాక నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఎడమ ముక్క గీసి, కుడికి తిప్పడం మర్చిపోయాం. అది నేను గీసిన ముక్కేనమ్మా. అతను గీసింది కాదు."

అప్పుడు చెప్పాడు అది ఓడ అని. శత్రువు ఒక తరంగం విసురుతాడట, టార్చిలైటు వేసినట్టు. నిటారు గోడకు తగిలితే తిరిగి వాడి దగ్గరికే పోయి ఇక్కడ ఓడ ఉందని చెప్పేస్తుంది. వాలుగోడకు తగిలితే పక్కకు జారిపోతుంది. అంత పెద్ద ఓడ వాడికి చేపల పడవంత కనిపిస్తుంది. రెండు గోడల మధ్య వేలంత సందు ఉన్నా ఆ సందే పట్టిస్తుంది. ఈ బొమ్మలను చూసే రేపు ఓడల రేవులో ఇనప రేకులు కోస్తారు. ఇనుమును మళ్లీ అతకడం గుడ్డను అతకడం లాంటిది కాదు, అన్నాడు.

నమ్మానా? సగం నమ్మాను. నక్షా చూపించినవాడు కూడా ఇంత చక్కగానే చెప్పాడు.

"తమ్ముని సంగతేంది సారూ?"

"అతను ఉంటాడు. నువ్వు మాత్రం రేపటి నుంచి రావద్దమ్మా. తీసిన మనిషిని మళ్లీ లోపలికి రానివ్వలేను. పోలీసుల మాట కూడా నేను చూసుకుంటాను."

"తమ్ముడు ఉంటడు, అంతేనా?"

"చెప్పాను కదా."

"ఇంకోపారి చెప్పు."

"ఉంటాడమ్మా," అన్నాడు. నేను కత్తిరించిన ఆ రెండు జతలూ అడిగి తీసుకుని, కాగితంతో పాటు చొక్కా లోపల పెట్టుకుని పోయాడు. గుంపు దగ్గర ఏమవుతుందోనని గుమ్మంలో నిలబడి చూశాను. ముసలాయన చెయ్యి ఊపాడు. సారు కూడా ఊపాడు. నోరు తెరవలేదు.

మాట ఇచ్చాడని ఊరుకోలేదు నేను. మర్నాడు పొద్దున్నే ఎల్బీ నగర్ పోయి, టైర్ల షాపుకు ఎదురుగా పాన్ డబ్బా పక్కన నిలబడ్డాను. కోస్తావాళ్లు ఒక్కొక్కరే మెట్లెక్కారు. తొమ్మిదిన్నర అయింది. పదవుతోంది. సారు మోసం చేశాడు అనుకున్నాను. అప్పుడు ఇస్త్రీ చొక్కాతో తమ్ముడు వచ్చాడు. రోడ్డు దాటుతూ నన్ను చూశాడు. ఫోను జేబులోంచి తీసి చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు. ట్రేలో పెట్టడానికి.

రోడ్డు దాటి మెట్ల కిందికి పోయి, రెండో అంతస్తు తలుపు మూసుకున్న చప్పుడు వినబడేదాకా అక్కడే ఉన్నాను.