పెన్సిలు కోసం ఆగిన అడుగు

పోయిన మంగళవారం నెల్లూరు బస్సు తెచ్చిన టపాలో నాకొక కార్డు వచ్చింది. మద్రాసు సంగీత కళాశాల పంతులమ్మ కన్నుమూశారని ఆమె అన్న కూతురు మూడు వాక్యాల్లో రాసింది. చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చింపేయాలని మా ఇంట్లో పట్టింపు. నేను చింపలేదు. ఆ కబురు చెప్పవలసిన మనిషి ఉదయగిరి పక్కన ఇంకొకడున్నాడు.

నేను ఆత్మకూరు బస్టాండులో టికెట్లు రాసే ఏజెంటును. బడి చదువు రెండో తరగతితో సరి. తక్కినదంతా బస్సు కోసం కాచుకుంటూ పొట్లాల కాగితాల మీద చదువుకున్నదే. మా బస్సులు వచ్చే తీరుకు నాకు బోలెడంత చదువు వచ్చింది. అవి బొగ్గుతో నడిచే బస్సుల రోజులు. ఎత్తు తగిలితే జనమంతా దిగి తోయాలి. పంతులమ్మ మొదటిసారి మా ఊళ్లో దిగినప్పుడు ఆమె చేతులకూ ఆ మసి ఉంది. యాభైకి దగ్గరపడిన మనిషి, కళ్లద్దాలు, కొప్పులో పువ్వుండే చోట పెన్సిలు.

“ఏజెంటుగారూ, ఇక్కడ చెక్కభజన బాగా తెలిసినవాళ్లు ఎవరు?” అని అడిగారు.

గజ్జెల బిళ్లలు బిగించిన చెక్కలు చేత ఆడిస్తూ, వరసలు కట్టి అడుగులు వేసే ఆట అది. మాకది పొద్దుపోక ఆడేది. ఆమెకు పరిశోధన. రాసి పెట్టకపోతే ఈ తరంతోనే పోతుందని ఆమె బెంగ. ఉదయగిరి కొండ కింద పల్లెలో ఉన్న భజన గురువు దగ్గరికి నేనే తీసుకుపోయాను.

పదిహేను రోజులు మా ఇంట్లో బస. పొద్దున బస్సులో పోవడం, చీకటి పడకముందే చివరి బస్సులో తిరిగిరావడం. ఆమె కళ్లంలో కూర్చుని ప్రతి అడుగుకూ పుస్తకంలో ఒక గుర్తు వేసుకునేవారు. బాగుందనీ బాగాలేదనీ అనేవారు కాదు. ఆమెది ఒకటే మాట: “ఇంకోసారి.” గురువు చెయ్యెత్తి ఆపేవాడు. పన్నెండుమంది రైతులు చెరువులో కొంగల్లా ఒంటికాలి మీద నిలబడేవాళ్లు.

“గురవా, కాలు పీకతా ఉండాది.”

“ఆయమ్మ రాసుకోవాల గదరా. నిలబడు. కాలేం ఊడిపడదులే.”

రెండేళ్ల తర్వాత గురువునూ నన్నూ మద్రాసు రమ్మని ఉత్తరం వచ్చింది. రైల్లో గురువు చెక్కల సంచిని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం కళాశాల హాల్లో అమ్మాయిలు మా భజన ఆడారు. ఒక అడుగు వేయడం, కాలెత్తి ఆగడం, మళ్లీ ఇంకొకటి. గురువు నా చెవిలో గొణిగాడు: “ఏంది ఏజెంటూ, ఈ బిడ్డలకు తిండి పెట్టరా ఈడ?”

ఆట అయ్యాక పంతులమ్మ సంబరంగా వచ్చారు. “ఎలా ఉంది గురువుగారూ?”

“బిడ్డలు ముచ్చటగా ఆడినారు తల్లీ. అయితే ఆ నిదానం మాది గాదు. నీ పెన్సిలుది.”

ఆమె నవ్వలేదు. పుస్తకం కనబడినప్పుడల్లా గురువు నడక తగ్గించేవాడు. దీపాలు పెట్టాక జోరుగా సాగే అసలు భజనను ఆమె ఒక్కనాడూ చూడలేదు. చూడనివ్వనిదెవరు? చీకటి భయం చెప్పి చివరి బస్సు ఎక్కించింది నేనే.

మర్నాడు పొద్దున విద్వాంసుల సభలో ఆమె చదవబోయే వ్యాసమంతా ఆ నిదానం గురించే. అది ఎంతో పాతకాలపు నడక అని అందులో రుజువు చేశారు. ఆ వ్యాసం నెగ్గితే పరిశోధన శాఖ ఆమె చేతికి వస్తుంది. నాకు తోచిన సలహా నేనిచ్చాను. “చదివేయండమ్మా. ఉదయగిరి నుంచి ఎవరొచ్చి చూడబోయినారు?”

“మీరొచ్చారుగా,” అన్నారు.

సభలో ఒక పేజీ చదివి కాగితాలు మడిచేశారు. “నేను రాసింది వీళ్ల ఆట కాదు. నా కోసం వీళ్లు ఆగిన ఆట. రెండేళ్లుగా మా పిల్లలకు అదే నేర్పాను,” అన్నారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. శాఖ ఇంకొకరికి పోయింది. ఆమెకు సరళి స్వరాలు చెప్పే చిన్న తరగతి మిగిలింది.

ఆ వచ్చే వేసవిలో ఆమె మళ్లీ బస్సు దిగారు. కొప్పులో పెన్సిలు లేదు. నెల రోజులు గురువు ఇంట్లోనే ఉండి, చెక్కలు చేతబట్టి, మగవాళ్ల వరస చివర దుమ్ములో అడుగులు నేర్చుకున్నారు. వేళ్లు వాచాయి. గురువు భార్య ఆముదం రాస్తూ, “ఏందమ్మా నీకీ ఖర్మ, కుర్చీలో కూసోని జీతం తీసుకోక,” అంటే, “కూర్చునే కదవ్వా తప్పు రాసింది,” అన్నారు. చివరిదాకా ఆమె అడుగు ఒక పిసరు వెనకే పడేది. అయినా ఏ రాత్రీ మధ్యలో ఆపమనలేదు. రాసుకున్నది మాత్రం మద్రాసు పోయాక, తన కాళ్లనే అడిగి.

నేను చదివిన కాగితాల్లో పెద్ద పెద్దవాళ్ల గొప్పలు చాలా ఉన్నాయి. తన పొరపాటును నలుగురి ముందూ చెప్పి, తర్వాత దాన్ని కాళ్లతో దిద్దుకున్నవాళ్లలో నేను చూసింది ఆమెనొక్కరినే. ఆమె పోయాక ఈ మాట చెబుతున్నందుకు సిగ్గుగా ఉంది. బతికుండగా నేను చెప్పింది “చదివేయండమ్మా” అనే.

మొన్న సాయంత్రం కార్డు తీసుకుని పల్లెకు పోయాను. గురువుకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. నేను చదివి వినిపించాను. “ఇంకోసారి,” అన్నాడు. మళ్లీ చదివాను. కార్డు నా చేతిలోంచి తీసుకుని రొండిన దోపుకున్నాడు.

కళ్లంలో మనుషులు చేరారు. చెక్కలు జోరుగా మొదలయ్యాయి. గురువు చెయ్యెత్తాడు.

“అట్ట గాదురా. ఈ పొద్దు ఆయమ్మ రాసుకునే నడక.”

ఎవరూ గొణగలేదు. ఒక అడుగు పడింది. రెండోది పైకి లేచి ఆగింది. పన్నెండు పాదాలు, దుమ్ము రాలుతూ, ఎండ వాలిన కళ్లం మీద అలాగే నిలిచాయి, ఆమె ఇంకా రాసుకుంటున్నట్టు.